నలుగురైదుగురు కూడి జేఏఐఐబీ చదవాలంటే

సాయంత్రం క్యాష్ టాలీ అయ్యి షట్టర్ సగం దించాక బ్రాంచ్‌లో ఎవరో ఒకరు అంటారు, "ఈసారి జైబ్ అందరం కలిసి చదువుదాం" అని. జైబ్ అంటే జేఏఐఐబీ, బ్యాంకు ఉద్యోగులు రాసే పరీక్ష. పది నిమిషాల్లో వాట్సాప్ గ్రూప్ తయారు. రాత్రికి అందులో ముప్ఫై పీడీఎఫ్‌లు. వారం తిరిగేసరికి గుడ్ మార్నింగులు, ట్రాన్స్‌ఫర్ లిస్టులు, డీఏ ఎంత పెరుగుతుందన్న లెక్కలు. నా మొదటి గ్రూప్ అట్లాగే పోయింది. నలభై మందికి పైగా ఉన్నాం కానీ ఒక్కసారీ ఒకచోట కూర్చోలేదు. ఆ దఫా నాలుగు పేపర్లలో రెండు తప్పాను.

రెండోసారి నల్గొండలో ఐదుగురం కూర్చున్నాం. ఒకరు మిర్యాలగూడ నుంచి, ఒకరు దేవరకొండ నుంచి, ఒక తమ్ముడు నకిరేకల్ నుంచి, మిగిలిన ఇద్దరం ఊళ్లోనే. అప్పుడు పనికొచ్చిన పద్ధతి ఇది. మీరు మహబూబ్‌నగర్‌లో ఉన్నా, సూర్యాపేటలో ఉన్నా పెద్ద మార్పులేమీ అక్కర్లేదు. దీని తర్వాతి మెట్టు పరీక్ష సీఏఐఐబీకి కూడా ఇదే నడుస్తుంది.

ముందు పరీక్ష లెక్క అందరికీ ఒకేలా తెలియాలి

మొదటి రోజు పుస్తకం తెరవకండి. పరీక్ష ఎట్లా ఉంటుందో కూర్చుని మాట్లాడుకోండి. సీనియర్లు చెప్పేది చాలావరకు పాత సిలబస్ ముచ్చట. అప్పట్లో మూడు పేపర్లు. 2023 నుంచి నాలుగు: ఇండియన్ ఎకానమీ అండ్ ఇండియన్ ఫైనాన్షియల్ సిస్టమ్, ప్రిన్సిపుల్స్ అండ్ ప్రాక్టీసెస్ ఆఫ్ బ్యాంకింగ్, అకౌంటింగ్ అండ్ ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ ఫర్ బ్యాంకర్స్, రిటైల్ బ్యాంకింగ్ అండ్ వెల్త్ మేనేజ్‌మెంట్. ఒక్కోటి 100 మార్కులు, రెండు గంటలు. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు.

పాస్ కావడానికి రెండు దారులున్నాయి. ఒక్కో పేపర్‌లో 50 తెచ్చుకోవడం ఒకటి. ఒకే దఫాలో నాలుగూ రాసి, ప్రతి దాంట్లో కనీసం 45 తెచ్చుకుని, మొత్తం మీద సగటు 50 రావడం రెండోది. అంటే 45, 47, 52, 56 వస్తే కూడితే సరిగ్గా 200, పాస్. ఈ రెండో దారి గురించి గ్రూప్‌లో అందరికీ తెలియాలని ఎందుకంటున్నానంటే, "నాకు అకౌంట్స్ రావు, ఈసారికి వదిలేస్తా" అనేవాళ్లు ప్రతి గ్రూప్‌లో ఒకరుంటారు. వదిలేస్తే ఆ దారి మూసుకుపోతుంది. రాని పేపర్‌ను 45 దాకా లాగడమే గ్రూప్ పని. వచ్చిన పేపర్ ఎవరికి వారు ఇంట్లో చూసుకుంటారు.

ఎవరిని పిలవాలి

నలుగురు బాగు, ఐదుగురు ఇంకా బాగు, ఆరు దాటితే మాట రాని మనిషి ఒకరు మూలన మిగిలిపోతారు. దోస్తులని పిలవకండి, డెస్కులు చూసి పిలవండి. ఒకరు లోన్లు చూసేవాళ్లు, ఒకరు క్యాష్ కౌంటర్, ఒకరు ఫీల్డ్ ఆఫీసర్, దొరికితే బీకాం చదివినవాళ్లు ఒకరు. అందరూ ఒకే బ్రాంచ్ వాళ్లయితే సగం సేపు మేనేజర్ గురించే నడుస్తుంది. వేర్వేరు బ్యాంకుల వాళ్లయినా ఫర్వాలేదు. నిజానికి అదే మేలు, ఒక బ్యాంకులో అలవాటైన పద్ధతినే రూల్ అనుకునే జబ్బు పోతుంది.

చేరేముందు ఒక్క మాట గట్టిగా అడగండి: "నెలకు రెండు పూటలు రాగలరా?" ఇంట్లో అడిగి చెప్తానన్నవాళ్లను అడిగి చెప్పనివ్వండి. మొహమాటానికి ఒప్పుకున్నవాళ్లు మూడో సిట్టింగ్‌కు మాయమవుతారు.

రోజు, చోటు

2015 సెప్టెంబర్ నుంచి మనకు రెండో, నాలుగో శనివారాలు సెలవు. గ్రూప్‌కు అవే పెట్టుకోండి, ఆదివారం ముట్టుకోకండి. ఆదివారం పోతే ఇంట్లో లొల్లి, లొల్లి మొదలైతే చదువు సాగదు.

మేము రామగిరిలో ఒకరి ఇంటి పై గదిలో కూర్చునేవాళ్లం. పొద్దున పదికి మొదలు, ఒంటిగంటకు లేవాల్సిందే. మిర్యాలగూడ మేడంకు ఇంట్లో చిన్నపిల్లాడు, నలభై కిలోమీటర్లు బస్సులో తిరిగి పోవాలి. ఆమె టైమే గ్రూప్ టైం అని మొదటి రోజే అనుకున్నాం. ఇంటివాళ్లకు చాయ్ ఒక్కసారే అడగాలి, టిఫిన్లు ఎవరికి వాళ్లు తినిరావాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ప్రతిసారీ ఉప్మా చేసి పెట్టాల్సి వస్తే ఆ ఇంటామె నాలుగోసారికి మొహం చాటేస్తుంది. అందులో ఆమె తప్పేమీ లేదు.

క్యాలెండర్ వేసేటప్పుడు మన పని కూడా చూసుకోండి. మే, జూన్‌లో పరీక్షంటే జనవరిలో మొదలుపెట్టాలి. మార్చిలో ఏడాది లెక్కల క్లోజింగ్ ఉంటుంది, ఆ నెల సిట్టింగులు రెండూ పోయినట్టే రాసుకోండి. అక్టోబర్, నవంబర్‌లో పరీక్షంటే ముందు వానాకాలం పంట రుణాల రెన్యువల్స్, ఆ వెంటనే బతుకమ్మ, దసరా. తొమ్మిది రోజులు మేడంలు దొరకరు, దొరకాలని అడగనూకూడదు. ఇవన్నీ తీసేస్తే చేతిలో మిగిలేవి ఆరేడు సిట్టింగులు. సిలబస్ మొత్తం గ్రూప్‌లో చేయలేమని అప్పుడు అర్థమవుతుంది. చేయాల్సిన అవసరమూ లేదు.

గ్రూప్‌లో చదవకండి, అడగండి

నేను చెప్పాలనుకున్నది ఇదే. పుస్తకం చదవడం ఇంట్లో, బస్సులో, పొద్దుగాల ఐదింటికి ఎవరికి వాళ్లు చేసుకోవాలి. ఒకరు చదువుతుంటే నలుగురు వినడం నిద్రకు మంచిది. గ్రూప్‌లో ప్రశ్నలే నడవాలి.

ప్రతి సిట్టింగ్‌కు రెండే టాపిక్‌లు. ఒక్కో టాపిక్‌కు ఒక మనిషి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది, ఎవరికి బాగా వస్తే వాళ్లకే ఆ టాపిక్ ఇస్తారు. మీరు తిప్పి ఇవ్వండి, ఎవరికి రాదో వాళ్లకే ఇవ్వండి. లోన్లు చూసే ఆఫీసర్ ఎన్‌పీఏ (మొండి బాకీ) గురించి చెప్తే నాలుగు మెట్లు ఒకేసారి ఎక్కేస్తాడు, కింద ఉన్నవాళ్లకు ఏ మెట్టు దాటాడో కనపడదు. రానివాడు చెప్తే ప్రతి మెట్టు దగ్గరా తడబడతాడు. ఆ తడబాటు దగ్గరే పరీక్షలో ప్రశ్న వస్తుంది. ఆ టాపిక్ వచ్చినవాళ్లు పక్కన కూర్చుని అడ్డు ప్రశ్నలు వేయాలి.

మా మూడో సిట్టింగ్ చెప్తాను. నకిరేకల్ తమ్ముడు క్యాష్ కౌంటర్ మనిషి, అప్పుల వైపు ఎప్పుడూ పోలేదు. ఎన్‌పీఏ అతనికే ఇచ్చాం. 90 రోజులు బాకీ పడితే ఎన్‌పీఏ అని ధీమాగా చెప్పేశాడు. మిర్యాలగూడ మేడం ఫీల్డ్ ఆఫీసర్. ఆమె పుస్తకం మూసి అడిగింది: "వరికి పంట రుణం తీసుకున్న రైతు గడువుకు కట్టలేదు. ఎప్పుడు ఎన్‌పీఏ?"

"90 రోజులే కదా మేడం."

"తమ్మీ, తర్వాతి పంట కోతకు రాకముందే ఆయన్ని ఎగ్గొట్టినోళ్ల లిస్టులో రాస్తున్నవ్."

పంట రుణానికి లెక్క వేరు. తక్కువ కాలపు పంటైతే గడువు దాటాక రెండు పంట కాలాలు, సీజన్ ఏడాదికి మించిన పంటైతే ఒక పంట కాలం బాకీ పడితే ఎన్‌పీఏ. ఏ పంటకు కాలమెంతో రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీ నిర్ణయిస్తుంది. ఇంతవరకు పుస్తకంలో ఉన్నదే. మేడం అక్కడ ఆగలేదు. "అదే రైతు ట్రాక్టర్ లోన్?" దేవరకొండ సార్ అందుకుని "అది టర్మ్ లోన్, 90 రోజులే" అన్నారు. తప్పు. ఆ రైతు పండించే పంటను బట్టి, ఆయన తీసుకున్న వ్యవసాయ టర్మ్ లోన్‌కు కూడా పంట కాలం లెక్కే వర్తిస్తుంది. "మరి అదే రైతు బిడ్డ పెళ్లికి బంగారం కుదువపెట్టి తెచ్చుకున్నది?" అప్పుడు అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అది వ్యవసాయం కాదు గనక 90 రోజులు. చివరికి నేనే అడిగాను, "బత్తాయి తోటకైతే?" అని. ఎవరూ తేల్చలేకపోయాం. దాన్ని నోట్‌బుక్‌లో 'తేలనివి' అన్న పేజీలో రాసి, తర్వాతి సిట్టింగ్‌కు సర్క్యులర్ చూసి రావాలని ఒకరికి అప్పజెప్పాం.

రైతు అదే, బాకీ అదే, లోన్ ఒక్కటే మారింది. ఈ "ఒక్క ముక్క మార్చి మళ్లీ అడగడం" అన్నిటికీ పనికొస్తుంది. చెక్ బౌన్స్ తీసుకోండి. ధాన్యం అమ్మిన రైతుకు మిల్లరు ఇచ్చిన చెక్ బ్యాలెన్స్ లేక ఫిబ్రవరి 3న వాపస్ వచ్చిందని తెలిసింది. 138 సెక్షన్ కింద నోటీసు 30 రోజుల్లోపు పంపాలి, అంటే మార్చి 5 లోపు, లీపు సంవత్సరం కాకపోతే. మిల్లరుకు నోటీసు ఫిబ్రవరి 20న అందింది. అక్కణ్ణుంచి 15 రోజులు, అంటే మార్చి 7 దాకా కట్టే అవకాశం. కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు. ఇప్పుడు ముక్కలు మార్చండి. చెక్ మీది తేదీకి మూడు నెలలు దాటాక బ్యాంకులో వేస్తే? 138 వర్తించదు. బాకీకి కాకుండా గుడికి చందాగా ఇచ్చిన చెక్ అయితే? చట్టప్రకారం వసూలు చేసుకోదగ్గ బాకీ లేదు, కాబట్టి అదీ కాదు. తేదీలు వేళ్ల మీద లెక్కపెట్టనివ్వండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఒక హెచ్చరిక. బ్రాంచ్‌లో జరిగినవే ఉదాహరణలుగా తేవడం మంచిదే కానీ ఖాతాదారు పేరు, ఊరు, మిల్లు పేరు బయటికి రాకూడదు. వేర్వేరు బ్యాంకుల వాళ్లు కూర్చున్న గది అది. బ్యాంకరు గోప్యత గురించి 1924 నాటి టూర్నియర్ కేసు సిలబస్‌లో చదువుతూ, పక్కనే "ఫలానా సేటు ఖాతా ఉంది కదా" అనడం బాగుండదు.

ప్రశ్నలు మీరే రాయండి

ప్రతి ఒక్కరూ సిట్టింగ్‌కు ఐదు ప్రశ్నలు రాసుకుని రావాలి. కాపీ చేసినవి వద్దు. నాలుగు ఆప్షన్లలో మూడు తప్పులు ఉండాలి కదా, ఆ తప్పులు నిజంగా మనుషులు చేసేవై ఉండాలి. ఒకటి చూపిస్తాను. లక్ష రూపాయల మెషిన్, రిటెన్ డౌన్ వాల్యూ పద్ధతిలో (ఏటా మిగిలిన విలువ మీద) 10 శాతం తరుగుదల. మూడో ఏడు తరుగుదల ఎంత? జవాబు 8,100. తప్పు ఆప్షన్లు: 10,000, ఇది స్ట్రెయిట్ లైన్ (ఏటా అసలు విలువ మీదే) అనుకున్నవాడు పెట్టేది. 9,000, రెండో ఏడు దగ్గరే ఆగినవాడిది. 72,900, అడిగింది తరుగుదలని మరచి మిగిలిన విలువ రాసినవాడిది. ఇట్లా ఒక్క ప్రశ్న తయారు చేసేసరికి ఆ చాప్టర్ సగం వచ్చేస్తుంది. సిట్టింగ్ మొదట్లో ఇరవై నిమిషాలు వీటికే, పుస్తకాలు లేకుండా, కాగితం మీద.

పరీక్ష మీడియం ఇంగ్లీష్ లేదా హిందీ, తెలుగు లేదు. అందుకని వివరించడం తెలుగులో, ప్రశ్న రాయడం ఇంగ్లీష్‌లో అని పెట్టుకున్నాం. తెలుగులో చెప్పించేటప్పుడు "కౌంటర్ దగ్గరికొచ్చిన పెద్దమనిషికి చెప్పినట్టు చెప్పండి" అనండి. అప్పుకు హామీగా బ్యాంకుకు ఉండే హక్కులు లియన్, ప్లెడ్జ్, హైపోథికేషన్ మూడింటికీ తేడా అట్లా చెప్పలేకపోతే, ఆ మనిషికి డెఫినిషన్ బట్టీ వచ్చింది గానీ విషయం రాలేదు.

లెక్కలకు మాత్రం మాటలొద్దు. అందరూ ఒకే లెక్క ఎవరికి వారు చేసి, జవాబులు ఒకేసారి చూపించండి. తప్పు వచ్చిన కాగితం మీద ఏ వరుసలో దారి తప్పిందో పక్కవాళ్లు వెతకాలి. ఎక్కువసార్లు ఫార్ములా సరిగ్గానే ఉంటుంది, నెలల వడ్డీకి బదులు ఏడాది వడ్డీ పెట్టి ఉంటారు. కాలిక్యులేటర్ విషయంలో ఏం అనుమతిస్తారో అడ్మిట్ లెటర్‌తో వచ్చే సూచనల్లో చూసి, ప్రాక్టీస్ కూడా దాంతోనే చేయండి.

ఏ తేదీ దాకా వచ్చిన సర్క్యులర్?

పరీక్షకు కొత్త నిబంధన రాయాలా, పాతది రాయాలా అన్న దాని మీద గ్రూపుల్లో గంటలు పోతాయి. ఈ పరీక్ష నిర్వహించే సంస్థ ఐఐబీఎఫ్ దీనికి స్పష్టమైన గీత గీసింది. ఫిబ్రవరి నుంచి జూలై మధ్య జరిగే పరీక్షలకు అంతకుముందు డిసెంబర్ 31 దాకా వచ్చినవి, ఆగస్టు నుంచి జనవరి మధ్య జరిగే వాటికి జూన్ 30 దాకా వచ్చినవి లెక్కలోకి తీసుకుంటారు.

ఇది ఎట్లా పనిచేస్తుందో ఒక ఉదాహరణ. ఏ తాకట్టూ లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణాల పరిమితి 1.6 లక్షలుండేది. 2024 డిసెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ దాన్ని 2 లక్షలు చేసింది, 2025 జనవరి 1 నుంచి అమలు. సర్క్యులర్ వచ్చింది డిసెంబర్‌లో గనక 2025 మేలో రాసినవాళ్లకు సరైన జవాబు 2 లక్షలు. పాత పుస్తకం, సీనియర్ ఇచ్చిన జిరాక్స్ నోట్సు పట్టుకుని కూర్చున్నవాళ్లు 1.6 దగ్గరే ఉండిపోతారు. సొంత ఖర్చులకు తీసుకునే బంగారం రుణాల లెక్క కూడా ఇంతే. బంగారం విలువలో 75 శాతం దాకా అప్పు ఇవ్వొచ్చని అందరికీ ఏళ్లుగా నోటికి వచ్చింది. 2025 జూన్‌లో వచ్చిన ఆదేశాలతో 2.5 లక్షల దాకా 85, ఆ పైన 5 లక్షల దాకా 80, 5 లక్షలు దాటితే 75 అయింది. వీటి అమలుకు గడువు 2026 ఏప్రిల్ 1.

అందుకని గ్రూప్‌లో ఒకరికి ఈ పని అప్పగించండి: మీ పరీక్షకు ఏ తేదీ గీతో గోడ మీద రాసి పెట్టడం, మారిన అంకెలు ఒక్క పేజీలో పాతది కొట్టేసి కొత్తది రాయడం. ఒకరే మొత్తం చూడాలి. అందరి పని అయితే ఎవరి పనీ కాదు, వాట్సాప్‌లో ఫార్వర్డ్‌ల పని అవుతుంది. వాట్సాప్ గ్రూప్‌ను రెండింటికే ఉంచండి, సిట్టింగ్ టైం చెప్పడానికి, 'తేలనివి' పేజీకి జవాబు పెట్టడానికి. "గత పరీక్షలో వచ్చినవి" అంటూ తిరిగే పీడీఎఫ్‌లు ఎవరో జ్ఞాపకం మీద రాసినవి, జవాబులు సగం వాళ్ల ఊహలు. మాకు అట్లాంటి ఒక దాంట్లో ఒకే ప్రశ్నకు రెండు చోట్ల రెండు జవాబులు కనిపించాయి. ఆ రోజు నుంచి తెరవలేదు.

మనుషులతో వచ్చే తంటాలు

చదవకుండా వచ్చేవాళ్లు ఉంటారు. మొదటిసారి ఏమీ అనకండి. బ్రాంచ్‌లో ఇన్‌స్పెక్షన్ ఉండి ఉంటుంది, పిల్లలకు జ్వరం వచ్చి ఉంటుంది. కానీ రావడం మాత్రం మాననివ్వకండి. చదవకపోయినా వచ్చి కూర్చుని ప్రశ్నలు అడగొచ్చు, ఏమీ తెలియనివాళ్ల ప్రశ్నలే ఒక్కోసారి బాగుంటాయి. వరుసగా రెండుసార్లు అట్లాగే వస్తే బయట చాయ్ దగ్గర ఒక్కరే మాట్లాడండి, అందరి ముందు వద్దు.

అంతకన్నా కష్టం, అన్నీ తెలిసినవాళ్లతో. దేవరకొండ సార్‌కు మా అందరికన్నా సర్వీస్ ఎక్కువ. "మా టైంలో" అని మొదలుపెడితే అరగంట. పెద్దాయన్ని ఆపడం ఎట్లా? చివరికి ఆయనకే గడియారం అప్పగించాం. ఎవరు పదిహేను నిమిషాలు దాటినా ఆపే అధికారం సార్‌ది. మొదట ఆపుకున్నది ఆయన్నే.

నడిమధ్యలో ఎవరికైనా ట్రాన్స్‌ఫర్ వస్తే ఫోన్‌లో కలుపుకోండి, కానీ లెక్కల రోజు ఫోన్‌లో కుదరదు. ఆ రోజు ఆ మనిషి తన కాగితం ఫోటో పెట్టాలి.

చివరి మూడు వారాలు

కొత్త టాపిక్ ముట్టుకోవద్దు. ప్రతి పేపర్‌కు ఒక పూర్తి మాక్ (నమూనా పరీక్ష), రెండు గంటలు, ఒకే గదిలో, ఫోన్లు పక్క గదిలో. 100 ప్రశ్నలకు 120 నిమిషాలంటే ఒక్కోదానికి 72 సెకన్లు. లెక్కలకు మూడు నిమిషాలు పోయినా థియరీ ప్రశ్నలు అర నిమిషంలో అయితే సరిపోతుంది, అది కూర్చుని రాస్తేనే ఒంటికి పడుతుంది. మాక్ అయ్యాక మార్కులు చెప్పుకోనక్కర్లేదు. తప్పులు మాత్రం నోట్‌బుక్‌లో రాయాలి, పక్కన కారణం ఒక్క ముక్కలో: తెలియదు, తికమక, తొందర. మాకు 'తొందర' ఎక్కువ వచ్చింది. ప్రశ్నలో 'నాట్' అన్న పదం చూడకపోవడం.

మేలో పరీక్షంటే నల్గొండ ఎండ తెలిసిందే, మధ్యాహ్నం మాక్ పెట్టుకుంటే బుర్ర ఉడుకుతుంది. పొద్దున ఏడింటికే మొదలుపెట్టండి.

సెంటర్ హైదరాబాద్‌లో పడితే కలిసి ఒక కారులో పోవచ్చు. కానీ దారిలో ఒకరినొకరు అడుక్కోవద్దని ముందే మాట తీసుకోండి. చిట్యాల దాటాక ఎవరో అడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు తట్టక నేను సెంటర్ దాకా టెన్షన్‌తో పోయాను. ఆ ప్రశ్న పేపర్‌లో రానేలేదు.

ఫలితాల్లో ఐదుగురూ ఒకేసారి బయటపడకపోవచ్చు. మాలో నలుగురం గట్టెక్కాం, దేవరకొండ సార్‌కు అకౌంట్స్ ఒక్కటి మిగిలింది. పాసైన మిగతా మూడు పేపర్లు మళ్లీ రాయనక్కర్లేదు గనక ఆయన ఒక్క పేపర్ కోసం రెండో శనివారం గది అట్లాగే ఉంచాం. గట్టెక్కిన నలుగురిలో నెలకు ఇద్దరు వంతులవారీగా వచ్చేవాళ్లం, ఐదు లెక్కలు రాసుకుని. గడియారం సార్ చేతిలోనే ఉండేది.